ఆంగ్ల, చైనీస్ భాషలలో మనోభావ క్రియలు: చారిత్రక తులనాత్మక పరిశీలన

ప్రస్తావన

'కొట్టు', 'కోయు', 'నాటు' వంటి క్రియలలో పని చేసేవారెవరో, ఆ పనికి లోనయ్యేదేదో నిర్ణయించడం కష్టం కాదు. మొదటిది కర్త, రెండవది కర్మ. కోపం, భయం, ఇష్టం, విచారం, ఆశ్చర్యం వంటి మనోభావాలను తెలిపే క్రియల దగ్గరికి వచ్చేసరికి ఈ నిర్ణయం చిక్కుబడుతుంది. పామును చూసి పిల్లవాడు భయపడ్డాడనుకుందాం. అక్కడ పని చేసింది పిల్లవాడా, పామా? పిల్లవాడు బుద్ధిపూర్వకంగా చేసిన పని ఏదీ లేదు. పాము తన దారిన తాను పోతూ ఉండవచ్చు. అయినా వాక్యంలో ఎవరో ఒకరు కర్తృస్థానంలో నిలవాలి. ఎవరిని నిలపాలన్న విషయంలో భాషలన్నీ ఒకే దారి పట్టలేదు. ఒక భాషలోనే అన్ని కాలాలలో ఒకే పద్ధతి నడవలేదు.

ఆంగ్ల, చైనీస్ భాషలను పోల్చేటప్పుడు తరచు వినిపించే అభిప్రాయం ఒకటి ఉంది. ఆంగ్లంలో భావాన్ని కలిగించిన వస్తువో సంఘటనో కర్తగా ఉంటుంది, మనిషి దాని తాకిడికి గురయ్యే కర్మగా ఉంటాడు. చైనీస్‌లో భావాన్ని అనుభవించే మనిషే కర్తగా ఉంటాడు. వర్తమాన భాషాస్థితి వర్ణనగా ఇందులో చాలా వరకు సత్యం ఉంది. అయితే ఈ వర్ణన అక్కడితో ఆగక, ఆంగ్లేయులు భావాన్ని బయటినుంచి వచ్చిపడేదిగా ఎంచుతారనీ, చైనీయులు లోపలినుంచి పుట్టేదిగా ఎంచుతారనీ జాతి స్వభావ నిర్ణయం దాకా సాగుతూ ఉంటుంది. ఈ రెండవ అడుగు నిలబడుతుందా అన్నది ఈ వ్యాసంలోని విచారణాంశం. రెండు భాషల చరిత్రను పరిశీలిస్తే, నేడు కనిపించే భేదం చాలా వరకు ఆయా భాషలు తమ పూర్వపు రూపసంపదను పోగొట్టుకొని చేసుకున్న సర్దుబాట్ల ఫలితమని తేలుతుంది. ఈ సంగతి తెలుగు పరిశోధకులకు కూడా అవసరమైనదే. తెలుగులో మనోభావ వాక్యాలను వర్ణించడంలోనూ, ఆంగ్లం మీదుగా వచ్చిన అనువాదాలను బేరీజు వేయడంలోనూ మనం ఇదే ప్రశ్నను ఎదుర్కొంటున్నాం.

పరిభాష, పూర్వ విచారణ

ఈ వ్యాసంలో భావాన్ని అనుభవించే వ్యక్తిని 'అనుభోక్త' అనీ, ఆ భావానికి కారణమైన దానిని 'హేతువు' అనీ వ్యవహరిస్తున్నాను. వీరిద్దరికీ తోడు 'గురి' అనే మూడవ అంశాన్ని కూడా గుర్తించవలసి ఉంది. వర్షం వల్ల పెళ్ళి ఆగిపోయిందని వాతావరణశాఖ మీద ఒకడు కోపగించుకుంటే, అక్కడ హేతువు వర్షం, గురి వాతావరణశాఖ. ఆధునిక భాషాశాస్త్రంలో ఈ భేదాన్ని విస్తారంగా చర్చించినవాడు డేవిడ్ పెసెట్స్కీ (1995).

మనోభావ క్రియలు మిగిలిన క్రియల వంటివి కావన్న గుర్తింపు మన దేశంలో చాలా పాతది. పాణిని అష్టాధ్యాయి కారక ప్రకరణంలో వీటికి విడివిడిగా సూత్రాలు చేశాడు. భయార్థక ధాతువుల యోగంలో భయహేతువుకు అపాదాన సంజ్ఞ (1.4.25), రుచ్యర్థక ధాతువుల యోగంలో ప్రీతి పొందేవానికి సంప్రదాన సంజ్ఞ (1.4.33), కోపం, అసూయ మొదలైన అర్థాల ధాతువుల యోగంలో కోపానికి గురి అయినవానికి సంప్రదాన సంజ్ఞ (1.4.37) చెప్పాడు. సంప్రదానం ఒకచోట అనుభోక్తకు, మరొకచోట గురికి దక్కిందన్నది ఇక్కడ గమనించవలసిన విషయం. మనోభావ క్రియలన్నిటినీ ఒకే మూసలో పోయడానికి ఆయన ప్రయత్నించలేదు. ఏ భావానికి ఏ నిర్మాణం ప్రయోగంలో ఉందో దానినే నమోదు చేశాడు.

పాశ్చాత్య భాషాశాస్త్రంలో ఈ క్రియల మీద చర్చను ముందుకు నడిపిన వ్యాసాలలో అడ్రియానా బెల్లెట్టి, లూయిజీ రిజ్జీ కలిసి రాసినది (1988) ముఖ్యమైనది. ఇటాలియన్ భాషను ఆధారం చేసుకొని వారు మూడు తరగతులు చూపారు. అనుభోక్త కర్తగా ఉండేది మొదటిది, అనుభోక్త కర్మగా ఉండేది రెండవది, అనుభోక్త సంప్రదాన విభక్తిలో ఉండేది మూడవది. తెలుగులో 'పిల్లవాడు భయపడ్డాడు', 'పాము పిల్లవాణ్ణి భయపెట్టింది', 'పిల్లవాడికి భయం వేసింది' అనే మూడు వాక్యాలను ఈ మూడు తరగతులకు వరుసగా ఉదాహరించుకోవచ్చు. సంప్రదాయ తెలుగు వ్యాకరణం 'కున్' ప్రత్యయాన్ని షష్ఠిలో చేర్చినా, ప్రస్తుత చర్చలో దానిని ఆధునిక భాషాశాస్త్ర పద్ధతిలో సంప్రదాన విభక్తిగానే తీసుకుంటున్నాను.

ఆంగ్లం: సంప్రదానం నుంచి కర్తృస్థానానికి

నేటి ఆంగ్లంలో మూడవ తరగతి క్రియలు వేళ్ళ మీద లెక్కించదగినన్ని. వెయ్యేళ్ళ కిందటి ప్రాచీన ఆంగ్లంలో పరిస్థితి వేరు. ఆ భాషలో నామాలకు విభక్తి ప్రత్యయాలుండేవి. నచ్చడం, సిగ్గుపడటం, పశ్చాత్తాపపడటం, బెంగపెట్టుకోవడం, కోరిక కలగడం వంటి అర్థాల క్రియలు అనేకం అనుభోక్తను ప్రథమా విభక్తిలో కాక సంప్రదానంలోనో ద్వితీయలోనో నిలిపేవి. నేటి 'లైక్' క్రియకు మూలమైన 'లీకియన్' అర్థం 'ఇష్టపడు' కాదు, 'నచ్చు'. 'నాకు నచ్చింది' అన్న తెలుగు వాక్యాన్ని మాటకు మాటగా ప్రాచీన ఆంగ్లంలో చెప్పవచ్చు. ఆ వాక్యాన్నే నేటి ఆంగ్లంలోకి మార్చాలంటే నిర్మాణాన్ని తలకిందులు చేయక తప్పదు.

ఈ మార్పు ఎలా జరిగిందో వివరించడానికి డెన్మార్క్ భాషావేత్త ఓటో యెస్పర్సన్ (1860-1943) ఒక ఉదాహరణ కల్పించాడు. అది ఆంగ్ల భాషాచరిత్ర చదివిన వారందరికీ పరిచితమే. 'రాజుకు బేరిపళ్ళు నచ్చాయి' అనే వాక్యం మొదటి దశ. ఇక్కడ రాజు సంప్రదానంలో ఉన్నాడు, క్రియ పళ్ళను అనుసరించి బహువచనంలో ఉంది. కాలక్రమంలో నామం మీది విభక్తి ప్రత్యయం లోపించింది, క్రియ మీది వచన ప్రత్యయమూ లోపించింది. మిగిలినవి వరుసగా రాజు, నచ్చు, పళ్ళు అనే మూడు మాటలు. కర్త, క్రియ, కర్మ అనే క్రమం స్థిరపడుతున్న భాషలో, ముందు నిలిచిన రాజును విన్నవారు కర్తగా గ్రహించారు. రాజు స్థానంలో సర్వనామం వచ్చినప్పుడు దానికి ప్రథమా రూపం వాడటంతో మార్పు పూర్తయింది. 'రాజుకు పళ్ళు నచ్చాయి' అన్నది 'రాజు పళ్ళను ఇష్టపడ్డాడు'గా మారిపోయింది. ఒక్క మాట కూడా చోటు మారలేదు.

ఈ వివరణ సొగసైనదే కాని, తరువాతి పరిశోధన దీనిని ఉన్నదున్నట్లుగా అంగీకరించలేదు. ప్రాచీన ఆంగ్లంలోనే ఇటువంటి క్రియలకు ఒకటికి మించిన నిర్మాణాలు పక్కపక్కన ఉండేవని ఓల్గా ఫిషర్, ఫ్రెడెరికె వాన్ డెర్ లేక్ (1983) చూపారు. మార్పు ఒక్కసారిగా కాక క్రియ క్రియకూ వేరువేరుగా, శతాబ్దుల పాటు సాగిందని సింథియా ఆలెన్ (1995) విస్తారమైన పాఠాల ఆధారంతో నిరూపించింది. షేక్‌స్పియర్ (1564-1616) నాటకాలలో సైతం 'లైక్' క్రియ పాత అర్థంలో, హేతువు కర్తగా, ప్రయుక్తమై ఉండటం ఈ మందగమనానికి సాక్ష్యం. 'నాకు తోస్తోంది' అనే అర్థంలో ఆయన పాత్రలు పలికే 'మీథింక్స్' అన్న పదం పాత సంప్రదాన నిర్మాణపు శిలాజం.

'ఫియర్' క్రియ కథ ఇంకా విచిత్రమైనది. నేడు దాని అర్థం 'భయపడు'. ప్రాచీన ఆంగ్లంలో దాని మూలరూపం 'ఫేరన్' అర్థం 'భయపెట్టు'. క్రియ అదే, అర్థంలో అనుభోక్త కర్మస్థానం నుంచి కర్తృస్థానానికి ఎక్కాడు. 'వరీ' క్రియ మొదట గొంతు నులమడాన్ని, తరువాత వేటకుక్క జంతువును పట్టి కుదపడాన్ని, ఆపైన మనిషిని వేధించడాన్ని తెలిపి, 19వ శతాబ్దికి 'దిగులుపడు' అనే అర్థంలో స్థిరపడింది. 1066 నాటి నార్మన్ ఆక్రమణ తరువాత ఫ్రెంచి నుంచి వచ్చిన 'ప్లీజ్' సైతం ఈ ఒరవడి నుంచి తప్పించుకోలేదు. 'మీకు సమ్మతమైతే' అన్న పాత నిర్మాణం 'మీరు సమ్మతిస్తే' అన్న విధంగా మారి, మర్యాదవాచకంగా నిలిచింది. పాత వాక్యాలలో సంప్రదానంలో ఉన్న అనుభోక్తా, ద్వితీయలో ఉన్న అనుభోక్తా కూడా కర్తృస్థానానికే చేరుకోవడం ఈ మూడింటిలో సమానంగా కనిపిస్తుంది.

అలాగైతే నేటి ఆంగ్లంలో హేతువు కర్తగా ఉన్న క్రియలు అంత అధికంగా ఎందుకున్నాయన్న ప్రశ్న వస్తుంది. బెత్ లెవిన్ (1993) చేసిన ఆంగ్ల క్రియల వర్గీకరణలో మనోభావ క్రియలు నాలుగు ఉపవర్గాలుగా ఉన్నాయి. వాటిలో అతిపెద్దది ఈ రకమే. దీనికి జవాబు అరువు పదాలలో ఉంది. 'అమ్యూజ్', 'ఆస్టోనిష్', 'సర్‌ప్రైజ్', 'అన్నాయ్', 'డిస్టర్బ్' వంటివి ఫ్రెంచి, లాటిన్ మూలాల నుంచి వచ్చినవి. వీటిలో అనేకం మొదట భౌతికమైన బలప్రయోగాన్ని తెలిపిన మాటలు. 'ఆస్టోనిష్' మూలంలో పిడుగుపాటు ఉంది, 'సర్‌ప్రైజ్' మూలంలో హఠాత్తుగా పట్టుకోవడం ఉంది. దేశీయమైన 'థ్రిల్' కూడా మొదట రంధ్రం చేయడమే. కొట్టడం, పట్టడం, పొడవడం సకర్మక క్రియలు కాబట్టి, అవి మనసుకు అన్వయించినప్పుడు వాటి వెంట కర్త, కర్మల పాత అమరిక కూడా వచ్చింది. అనుభోక్త కర్మ అయ్యాడు. ఇన్ని క్రియలు చేరిన తరువాత వాటి కృదంత రూపాలు విశేషణాలుగా పనిచేయసాగాయి. ఈనాడు ఆంగ్లంలో ఒకడు తన ఆశ్చర్యాన్ని సహజంగా చెప్పుకునేది ఆ కృదంతంతోనే.

కాబట్టి హేతువును కర్తగా నిలిపే లక్షణం ఆంగ్లానికి ఆదినుంచీ అంటిపెట్టుకొని ఉన్న స్వభావం అనలేము. ఒకవైపు దేశీయ క్రియలు అనుభోక్త వైపు జరుగుతూ వచ్చాయి, మరొకవైపు అరువు క్రియలు హేతువు వైపు బరువు పెంచుతూ వచ్చాయి. నేటి నిఘంటువులో కనిపించేది ఈ రెండు ప్రవాహాల నిలువ.

చైనీస్: ఒకే అక్షరం నుంచి రెండు క్రియలకు

ప్రాచీన చైనీస్ సంప్రదాయంలో మనోభావాల పట్టికలు అనేకం ఉన్నాయి. శ్యున్‌జి గ్రంథంలో ఆరు భావాల పట్టిక ఉంది. లీజీ అనే ఆచారగ్రంథంలోని 'లీయున్' అధ్యాయం సంతోషం, కోపం, దుఃఖం, భయం, ప్రేమ, ఏవగింపు, కోరిక అనే ఏడింటిని మనిషికి నేర్పకుండానే అబ్బేవిగా పేర్కొంది. భరతుని స్థాయీభావాల పట్టికతో దీనిని పోల్చి చూడాలనిపించడం సహజం. రతి, హాసం, శోకం మొదలైనవి సంస్కృతంలో నామాలు. లీజీ పట్టికలోని ఏడు ఏకాక్షర పదాలూ క్రియలుగా కూడా ప్రయోగింపదగినవి. నామ, క్రియా భేదాన్ని రూపంలో చూపని ఆ భాషలో భావం పేరే భావించడం కూడా. హాన్ కాలంలో, సుమారు క్రీ.శ. 100లో, షూ షెన్ కూర్చిన 'ష్వోవెన్ జియెజి' నిఘంటువు అక్షరాలను 540 మూలచిహ్నాల కింద వర్గీకరించింది. అందులో 'శిన్' (హృదయం) ఒకటి. భయం, కోపం, దుఃఖం, చింత తెలిపే అక్షరాలు అనేకం ఆ చిహ్నంతోనే రాయబడతాయి.

ఈ పట్టికలు చూసి ప్రాచీన చైనీస్‌లో అనుభోక్త మాత్రమే కర్తగా ఉండేవాడని అనుకుంటే పొరపాటు. 'నూ' అనే పదానికి అర్థం 'కోపగించు'. జువో జ్వాన్ చరిత్రగ్రంథంలో, క్రీ.పూ. 632లో జిన్, ఛూ రాజ్యాల మధ్య జరిగిన ఛెంగ్‌పు యుద్ధానికి ముందు జిన్ పక్షం చేసిన ఆలోచన ఒకటి ఉంది. ఛూ దూతను బంధించి ఛూ వారిని రెచ్చగొట్టాలన్నది ఆ ఆలోచన. అక్కడ 'కోపం తెప్పించు' అనే అర్థంలో వాడినది అదే 'నూ'. దాని తరువాత ఛూ రాజ్యం పేరు కర్మగా వచ్చింది. ప్రేరణార్థక ప్రత్యయం లేదు, సహాయక క్రియ లేదు. అదే గ్రంథం తొలి భాగంలో జెంగ్ రాజ్యపు జ్వాంగ్ ప్రభువు జననం అసహజంగా జరిగి తల్లి జియాంగ్‌ను బెదరగొట్టిన వృత్తాంతం ఉంది. అక్కడ 'జింగ్' (అదరు, అదరగొట్టు) క్రియకు కర్మ ఆ తల్లి. ఆంగ్లంలో అరువు క్రియలతో నిండిన నిర్మాణమే ఇక్కడ క్రీస్తుకు పూర్వం నాటి చైనీస్‌లో దర్శనమిస్తోంది. చైనీస్ వ్యాకర్తలు దీనిని నామాలకు, విశేషణాలకు కూడా వర్తించే ప్రేరణార్థక ప్రయోగంగా వివరిస్తారు.

ప్రాచీన చైనీస్‌కు రూపసంపద బొత్తిగా లేదనడం కూడా సరికాదు. 'మంచి' అనే అర్థం గల 'హావ్' అనే అక్షరాన్ని మరొక స్వరంలో పలికితే 'ఇష్టపడు' అనే క్రియ అవుతుంది. 'చెడు' అనే అర్థంలో 'అ' అని పలికే అక్షరాన్నే 'వూ' అని పలికితే 'ఏవగించుకొను' అని అర్థం. మంచిదిగా ఎంచడం ఇష్టం, చెడుగా ఎంచడం ఏవగింపు అన్నమాట. ఇటువంటి ద్వంద్వ ఉచ్చారణలను 6, 7 శతాబ్దుల నాటి పండితుడు లూ దమింగ్ తన 'జింగ్‌ద్యెన్ షివెన్'లో నమోదు చేశాడు. ఈ స్వరభేదం వెనుక అంతకుముందు కాలంలో సకారాంత ప్రత్యయం ఉండేదని ఆంద్రే ఓద్రికూర్ 1954లో ప్రతిపాదించాడు. ప్రాచీన చైనీస్ ధ్వనులను పునర్నిర్మించే పండితులు అనేకులు ఈ ప్రతిపాదనను స్వీకరించారు. ఈ ప్రతిపాదన ప్రకారం, విశేషణం నుంచి మనోభావ క్రియను పుట్టించే ఒక సాధనం ఆ భాషకు ఒకప్పుడు ఉండేది. ధ్వనిపరిణామంలో ఆ ప్రత్యయం స్వరంగా కరిగిపోయింది. తరువాత ఆ స్వరభేదం కూడా కొన్ని పదాలకు పరిమితమై, కొత్త పదాలను పుట్టించే శక్తిని కోల్పోయింది.

రూపంలో గుర్తు లేని ప్రేరణ ప్రయోగం కూడా క్రమంగా వాడుకనుంచి తప్పుకుంది. దాని స్థానంలో రెండు పద్ధతులు బలపడ్డాయి. మొదటిది, ప్రేరణను వేరే క్రియతో చెప్పడం. ప్రాచీన కాలం నుంచీ ఉన్న 'షి', 'లింగ్' అనే క్రియలు నేటి రాతభాషలో ఈ పని చేస్తున్నాయి, మాటలలో 'రాంగ్', 'జ్యావ్' అధికం. 'ఈ వార్త ఆమెను ఆశ్చర్యపరిచింది' అనవలసినచోట 'ఈ వార్త' అని చెప్పి, ప్రేరణను తెలిపే 'రాంగ్' చేర్చి, ఆపైన 'ఆమె చాలా విస్మయం చెందు' అనే పూర్తి వాక్యాన్ని పొదుగుతారు. కలిగించిన హేతువుకు ఒక క్రియ, కలిగిన భావానికి మరొక క్రియ. రెండవది, ఫలితాన్ని తెలిపే క్రియను మొదటి క్రియకు జతచేయడం. హాన్ కాలం నుంచి థాంగ్ కాలం వరకు సాగిన ఈ సమాస నిర్మాణ వికాసం మనోభావాలకు కూడా విస్తరించింది. 'ఛీ' (కోపం తెప్పించు) క్రియకు 'స్' (చచ్చు) చేర్చిన ప్రయోగం నేటి మాటలలో నిత్యం వినిపిస్తుంది. 'నవ్వలేక చచ్చాం' అనే మన వాడుక ఎరిగినవారికి దీని తీరు వివరించనక్కరలేదు.

పదస్థాయిలో కూడా ఏకాక్షర క్రియలు ద్వ్యక్షరాలయ్యాయి. ప్రాచీనమైన 'నూ' స్థానంలో నేటి వాడుక పదం 'షంగ్‌ఛీ'. 'షంగ్' అంటే పుట్టించు, 'ఛీ' అంటే ఊపిరి, ప్రాణవాయువు, ఆవేశం. ఇది క్రియ, దాని కర్మ కలిసిన జంట కాబట్టి తరువాత మరొక కర్మను తీసుకోదు. కోపానికి గురి అయినవారిని ఆ జంట మధ్యలోకి 'అతని ఛీ' అన్న విధంగా చొప్పించాలి, లేదా 'వైపు' అనే అర్థం గల పదంతో ముందుగా చెప్పాలి. కోపానికి గురి అయినవానికి పాణిని ప్రత్యేక కారకం కల్పించవలసి రావడం ఇక్కడ స్ఫురిస్తుంది. 'షాంగ్‌శిన్' (హృదయం గాయపడు: దుఃఖించు), 'దాన్‌శిన్' (హృదయాన్ని కావడిలా మోయు: చింతించు), 'ఛిజింగ్' (బెదురును తిను: ఆశ్చర్యపోవు) వంటివి ఇదే కోవలోనివి. వీటన్నిటిలో అనుభోక్తే కర్త. నేటి చైనీస్ అనుభోక్త ప్రధానంగా కనిపించడానికి ఈ సమాసాల విస్తృతి ఒక ముఖ్య కారణం.

అయినా పాత ద్విముఖత్వం పూర్తిగా అంతరించలేదు. 'గాన్‌దోంగ్' అనే క్రియను 'చలించిపోవు' అనే అర్థంలోనూ, 'చలింపజేయు' అనే అర్థంలోనూ ఏ మార్పూ లేకుండా వాడతారు. 'ఛీ' క్రియ కూడా అంతే. జూ దశీ 1982లో ప్రచురించిన వ్యాకరణ ఉపన్యాసాలలో 'హన్' (చాలా) అనే మాటను ముందు చేర్చుకోగలగడం, తరువాత కర్మను తీసుకోగలగడం అనే రెండు పరీక్షలను పదాలకు పెట్టాడు. మొదటిది విశేషణ లక్షణం, రెండవది క్రియా లక్షణం. 'ఇష్టపడు', 'భయపడు' వంటి క్రియలు రెండింటికీ నిలుస్తాయి. అంటే నేటి చైనీస్ వ్యాకరణంలో మనోభావ క్రియ విశేషణానికీ క్రియకూ నడుమ ఉంది. మంచి, చెడు అనే విశేషణాల నుంచి ఇష్టం, ఏవగింపు అనే క్రియలు పుట్టిన చరిత్ర గల భాషలో ఇది ఆశ్చర్యం కలిగించదు.

రెండు చరిత్రల పోలిక

ఈ రెండు కథలను పక్కపక్కన పెడితే భేదం కంటే ముందు సామ్యమే కనిపిస్తుంది. రెండు భాషలూ రూపసాధనాలను పోగొట్టుకున్నాయి. ఆంగ్లం విభక్తులను కోల్పోయింది, చైనీస్ పదనిష్పాదక సాధనాలను కోల్పోయింది. రెండింటికీ అనుభోక్తను, హేతువును వేరుచేసి చూపే కొత్త ఏర్పాటు కావలసివచ్చింది. భేదం ఆ ఏర్పాటులో ఉంది. ఆంగ్లం తన వాక్యక్రమాన్ని స్థిరపరచుకొని, వేరే భాషల నుంచి సకర్మక క్రియలను తెచ్చుకొని, హేతువు, ఫలితం రెంటినీ ఒకే క్రియలో ఇమిడ్చింది. చైనీస్ ఉన్న క్రియలనే జతచేసి, హేతువును ఒక క్రియకు, భావాన్ని మరొక క్రియకు పంచింది.

మనోభావాల వ్యాకరణాన్ని సంస్కృతితో ముడిపెట్టిన వారిలో అన్నా విజ్‌బిట్స్కా (1992) ప్రముఖురాలు. ఆంగ్లం భావాలను ఎక్కువగా విశేషణాలతోను, కృదంతాలతోను చెబుతుందనీ, రష్యన్ క్రియలతో చెబుతుందనీ గమనించి, ఆ భేదంలో రెండు సంస్కృతుల వైఖరిని చూసింది. ఆమె పరిశీలన సూక్ష్మమైనది. అయితే ఆంగ్ల కృదంతాల వెనుక నార్మన్ ఆక్రమణానంతర పదసంచయం ఉందన్న సంగతిని పక్కనపెట్టి ఆ నిర్ణయానికి రాలేము. ఒక జాతి భావాలను ఎలా తలపోస్తుందో వ్యాకరణం చెప్పగలదనుకుంటే, ఆల్‌ఫ్రెడ్ రాజు కాలపు ఆంగ్లేయుడు తనకు నచ్చిన దాని ముందు నిష్క్రియుడుగా నిలిచి, అతని సంతతి అయిదారు వందల ఏళ్ళలో స్వతంత్రులయ్యారని చెప్పవలసివస్తుంది. అలాగే జువో జ్వాన్ కాలపు చైనీయునికి కోపం బయటినుంచీ లోపలినుంచీ కూడా వచ్చేదనీ, తరువాత లోపలినుంచి మాత్రమే రాసాగిందనీ చెప్పవలసివస్తుంది. ఈ రెండు నిర్ణయాలను ఏ చరిత్రకారుడూ సమర్థించలేడు.

సంస్కృతికి భాషలో చోటు లేదని దీని అర్థం కాదు. కోపానికి ప్రాణవాయువును, చింతకు కావడి బరువును ఉపమానం చేసుకోవడంలో ఆ దేశపు వైద్యం, జీవనం తప్పక ఉన్నాయి. సంస్కృతిని వెతకవలసింది పదాల లోపలి రూపకాలలో. కర్తృస్థానంలో ఎవరున్నారన్నది దానికి నమ్మదగిన ఆధారం కాదు.

తెలుగు అధ్యయనానికి అన్వయం

ఈ ఫలితం తెలుగుకు రెండు విధాలుగా వర్తిస్తుంది. మొదటిది వర్ణనకు సంబంధించినది. 19వ శతాబ్ది నుంచి ఆంగ్లంలో వెలువడిన తెలుగు వ్యాకరణాల ప్రభావంతో, కర్త ప్రథమా విభక్తిలో ఉండే వాక్యాన్ని సామాన్యంగాను, 'నాకు కోపం వచ్చింది', 'నాకు నచ్చింది' వంటి వాటిని విశేషంగాను చూడటం అలవాటైంది. దక్షిణాసియా భాషల అనుభోక్తల మీద వచ్చిన తరువాతి అధ్యయనాలు ఈ చూపును చాలా వరకు సరిదిద్దాయి. ఆంగ్ల చరిత్ర దీనికి మరొక ఊత ఇస్తుంది. ఏ భాషను కొలబద్దగా పెట్టుకొని మన నిర్మాణం వింతగా తోచిందో, ఆ భాషలోనే ఇదే నిర్మాణం ఒకప్పుడు సామాన్యంగా ఉండేది.

అదే సమయంలో, సంప్రదాన నిర్మాణంలో తెలుగువారి ప్రత్యేక మనస్తత్వాన్ని చూడాలన్న ఉత్సాహాన్నీ అదుపులో పెట్టుకోవాలి. పాము ఉదాహరణలోని మూడు వాక్యాలనూ ఒకే తెలుగు మనిషి ఒకే పూటలో పలుకుతాడు. నిర్మాణం స్వభావానికి గుర్తు అయితే అతనికి మూడు స్వభావాలుండాలి. పైగా తెలుగు క్రియలకూ చరిత్ర ఉంది. నేడు సంప్రదానాన్ని కోరే 'నచ్చు' ప్రాచీన కావ్యభాషలో 'నమ్ము, విశ్వసించు' అనే అర్థంలో, నమ్మినవాడు కర్తగా ప్రయుక్తమైంది. 'నచ్చజెప్పు' అనే మాటలో ఆ అర్థపు జాడ ఇంకా మిగిలి ఉంది. ఆంగ్లంలో 'లైక్' సంప్రదానం నుంచి కర్తృస్థానానికి నడిస్తే, తెలుగులో 'నచ్చు' ప్రయాణం అందుకు ఎదురుదిశలో కనిపిస్తోంది. కావ్యాలు, శాసనాలు, తొలినాటి వచనం ఆధారంగా ఈ క్రియ చరిత్రను దశలవారీగా నిర్ణయించవలసి ఉంది.

రెండవ అన్వయం అనువాదానికి సంబంధించినది. తెలుగులోకి వచ్చిన చైనీస్ సాహిత్యంలో అధికభాగం ఆంగ్లం మీదుగా వచ్చినదే. మూలంలో ఒక పాత్ర 'షంగ్‌ఛీ' అయితే, అంటే తనలో ఆవేశాన్ని పుట్టించుకుంటే, ఆంగ్ల అనువాదకుడు తన భాషా సౌలభ్యం కోసం ఒక సంఘటన ఆమెను చికాకుపరిచినట్లు రాయవచ్చు. తెలుగు అనువాదకుడు ఆ వాక్యాన్ని అనుసరించి 'ఆ సంఘటన ఆమెను చికాకుపరిచింది' అని రాస్తాడు. 'ఆమెకు చికాకు వేసింది', 'ఆమె కోపం తెచ్చుకుంది' అన్న వాక్యాలు ఆ సందర్భంలో అతనికి తోచకపోవచ్చు. 'కోపం తెచ్చుకొను' అన్న తెలుగు పలుకుబడి 'షంగ్‌ఛీ'కి ఆంగ్ల కృదంతం కంటే దగ్గరి చుట్టం. నడుమ ఉన్న భాష కారణంగా ఆ చుట్టరికం తెగిపోతోంది. తెలుగులో 'నవ్వించు', 'ఏడిపించు', 'భయపెట్టు' వంటి ప్రేరణ క్రియలు పాతవే. వాటికి అచేతనమైన హేతువును కర్తగా నిలిపి, '-పరచు' రూపాలను విరివిగా వాడే నేటి వచనశైలిలో ఆంగ్ల అనువాద ప్రభావం ఎంత అన్నది పరిశీలింపదగిన ప్రతిపాదన. 19వ శతాబ్దికి ముందరి వచనాన్ని, తరువాతి వచనాన్ని, అనువాద కథలను వేరువేరుగా తీసుకొని ఈ రూపాల ప్రయోగాన్ని లెక్కిస్తే దీని సత్యాసత్యాలు తేలుతాయి.

ఉపసంహారం

ఆంగ్లంలో హేతువు ప్రాధాన్యం అరువు క్రియల వల్ల పెరిగింది. చైనీస్‌లో అనుభోక్త ప్రాధాన్యం ప్రేరణ ప్రయోగపు క్షీణత వల్ల, ద్వ్యక్షర సమాసాల వ్యాప్తి వల్ల స్థిరపడింది. రెండు భాషలలోనూ నేటికి భిన్నమైన స్థితి ఒకప్పుడు ఉండేదని లిఖిత సాక్ష్యం ఉంది. కనుక మనోభావ క్రియల వర్తమాన నిర్మాణం నుంచి నేరుగా జాతి మనస్తత్వానికి వెళ్ళే తులనాత్మక పద్ధతి లోపభూయిష్ఠమైనది. క్రియ క్రియకూ, దశ దశకూ ప్రయోగాన్ని నమోదు చేసిన తరువాతనే పోలికకు పూనుకోవాలి. తెలుగు మనోభావ క్రియలకు అటువంటి చారిత్రక నమోదు జరిగినప్పుడు ఈ చర్చకు మూడవ సాక్షి దొరుకుతుంది. సంప్రదాన అనుభోక్తను నేటికీ సజీవంగా నిలుపుకున్న భాషగా ఆ సాక్ష్యానికి ప్రత్యేకమైన విలువ ఉంటుంది.